ఇంటివాళ్ళ దారి

మా మరదలిని మా అమ్మ ‘చెక్‌పోస్టు’ అంటుంది. చాటుగా కాదు, ఎదురుగానే. మరదలు నవ్వదు, కోపం తెచ్చుకోదు. “ఎవరో ఒకరు ఉండాలిగా అత్తయ్యా” అని చేస్తున్న పని చేసుకుంటుంది.

ఆ పేరు ఊరికే రాలేదు. కరెంటు మీటరు చూసే మనిషి ఏళ్ళ తరబడి మా మెట్లెక్కుతున్నాడు. మరదలు ఇంట్లో ఉండగా వస్తే మాత్రం గుర్తింపు కార్డు చూపించాల్సిందే. ఒకసారి ఆయనకి ఒళ్ళు మండి, “పోయిన నెల కూడా నేనే కదమ్మా వచ్చింది?” అన్నాడు. “పోయిన నెల మీరే. ఈ నెల సంగతి కార్డు చూస్తే తెలుస్తుంది” అంది. పాపం, ఆయన జేబులన్నీ తడుముకుని కార్డు తీసి చూపించి పోయాడు. పరువు తీసేసిందని ఆ పూట అమ్మా నేనూ ఏకమై సాధించాం. గోడకి చెప్పుకున్నా కాస్త కదిలేదేమో.

ఇంట్లో ఉండేది ముగ్గురు ఆడవాళ్ళం: అమ్మ, నేను, తమ్ముడి భార్య. తమ్ముడు సరుకు రైలు గార్డు. ఇంట్లో కంటే పట్టాల మీద ఎక్కువ ఉంటాడు. నేను ఇంటిపట్టునే ఉండి పుస్తకాల ప్రూఫులు దిద్దుతాను. పగలంతా ఒకరి అచ్చుతప్పులు ఏరుతుంటే మనిషికి నోరు కాస్త దురుసవుతుంది. నన్నేమీ అనకండి.

మరదలి ఉద్యోగం ఏమిటో అమ్మకి చాన్నాళ్ళు అర్థం కాలేదు. కంప్యూటర్లకి కాపలా అంటే, “వాటినెవరు ఎత్తుకుపోతారే?” అంది. అప్పుడు మరదలు కూరగాయలు తరుగుతూ చెప్పింది.

“పెద్ద మందుల కొట్టుందనుకోండి అత్తయ్యా. నాలుగు కౌంటర్లు. ఉన్నట్టుండి వెయ్యిమంది వచ్చి వరసలో నిలబడ్డారు. ఒక్కడూ కొనడు. ధర అడుగుతాడు, వెళ్ళి మళ్ళీ వెనక నిలబడతాడు. జ్వరంతో ఉన్న పిల్లని ఎత్తుకొచ్చిన తల్లి కౌంటరు దాకా రాలేదు. కొట్టులో దొంగతనం ఏమీ జరగలేదు. కానీ మందు అందలేదు కదా?”

“ఆ వెధవల్ని బయటికి గెంటండి.”

“ఎవరు వెధవో, ఎవరు తల్లో మొహం చూస్తే తెలీదు. అది తేల్చడమే నా పని.”

ఆ కొట్టు నిజానికి గుండెజబ్బు మనుషులది. ఇళ్ళలో ఉండే రోగుల ఛాతీకి ఒక చిన్న బిళ్ళ అంటిస్తారు. అది గుండె కొట్టుకునే తీరుని క్షణక్షణం మరదలు పనిచేసే కేంద్రానికి పంపుతుంది. లయ తప్పితే అక్కడ గంట మోగుతుంది, అంబులెన్సు కదులుతుంది. ఆ కబుర్లు అందుకునే కంప్యూటర్లు ఒక్కచోట ఉండవు. నాలుగు ఊళ్ళలో ఉంటాయి. ఎవరి దగ్గర ఎవరి లెక్క ఉందో ఎప్పటికప్పుడు ఒకదాన్నొకటి అడిగి సరిచూసుకుంటాయి. ఒకటి మూలపడితే దాని బరువు మిగతావి ఎత్తుకుంటాయి. ఇదంతా విని నేను మెచ్చుకుంటే మరదలు పెదవి విరిచింది. “అదే భయం వదినా. గుంపు మీదపడి ఒకటి కూలిందంటే దాని బరువు పక్కదాని మీద పడుతుంది. అది కూలితే ఇంకోదాని మీద. తోడుంటాయనుకున్నవే ఒకదాన్నొకటి ముంచుతాయి” అంది.

రెండేళ్ళ కిందట అమ్మ ఛాతీకి కూడా ఆ బిళ్ళ అంటించారు. అప్పట్నుంచి మరదలికి ఉద్యోగమూ ఇల్లూ ఒకటే అయిపోయాయి.

కిందటేడు ఓసారి అలాంటి దొంగ గుంపు వచ్చింది. ద్వారం దగ్గర అందరినీ ఆపి ‘నువ్వెవరు’ అని అడిగే గందరగోళంలో అసలు రోగుల కబుర్లు కొన్ని ఆగిపోయాయి. అందులో అమ్మది ఒకటి. అమ్మకేమీ కాలేదు, ఆ సమయానికి హాయిగా నిద్రపోతోంది. కానీ మరదలు ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అమ్మ మంచం పక్కన చాలాసేపు నిలబడింది. ఆ వారంలోనే ఆమె కొత్త ఏర్పాటు చేసింది. రోగుల ఇళ్ళ నుంచి వచ్చే కబుర్లకి వేరే దారి. ఆ దారిలో ఎవరూ ఆపరు, ఎవరూ అడగరు. ఆఫీసులో దానికి ‘ఇంటివాళ్ళ దారి’ అని పేరు పడింది. మీటరు మనిషిని కార్డు అడిగే మనిషి, ఆ ఒక్కచోట మాత్రం అడగడం మానేసింది. ఇంట్లో మాకది తెలియను కూడా తెలియదు.

ఇంటి విషయంలో మాత్రం పట్టు సడల్లేదు. ఇంటర్నెట్టుకి తగిలించే వస్తువేదీ గడప దాటి రాకూడదు. తమ్ముడు ముచ్చటపడి, పిలిస్తే పాటలు పాడే డబ్బా ఒకటి తెస్తే మర్నాడే తిప్పి పంపించింది. “ఈ ఇంట్లో ఆవిడ తప్ప ఏ వస్తువూ మాట్లాడకూడదు” అంది అమ్మ. ఆ జోకు మాత్రం మరదలికి కూడా నవ్వు తెప్పించింది.

అత్తాకోడళ్ళ మధ్య పెద్ద ప్రేమలేమీ కారిపోయేవి కావు. ఒకరి చాదస్తం ఒకరికి పడదు. అయినా ఒక విచిత్రం ఉండేది. మరదలి డ్యూటీకి వేళాపాళా లేదు. ఒకరోజు నాలుగింటికి వస్తుంది, ఇంకోరోజు ఏడు దాటుతుంది. ఎప్పుడొచ్చినా తలుపు తీసేసరికి టీ పొగలు కక్కుతూ ఉండేది. మంచం దిగొద్దని డాక్టరు చెప్పినా వినకుండా ఆ ఒక్క టీ అమ్మే లేచి పెట్టేది. నన్ను పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు.

“మీకెలా తెలుస్తుందత్తయ్యా?” అని మరదలు అడిగింది.

“మెట్ల మీద నీ చెప్పుల చప్పుడు.”

“మూడంతస్తులు ఎక్కేలోపు నీళ్ళు మరుగుతాయా?”

“నువ్వు ఎక్కేది నత్త నడక. అన్నం కూడా ఉడుకుతుంది.”

ప్రతి కబురూ ఏ దారిన వచ్చిందో ఆరా తీసే మనిషి ఈ ఒక్కదాన్నీ తవ్వకుండా వదిలేసి టీ తాగేసింది. అలసిపోయి వచ్చిన మనిషికి వేడి టీ ఎదురైతే ఆరా ఎందుకు తీస్తుంది!

ఇక ఆ రోజు సంగతి. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అమ్మ తన గదిలో పడుకుంది. నేను హాల్లో ఒక వ్యవసాయ పుస్తకం ప్రూఫులు ముందేసుకుని కూర్చున్నాను. ఫోను మోగింది.

“నమస్కారం. గుండె పర్యవేక్షణ కేంద్రం నుంచి మాట్లాడుతున్నాను. మీ ఇంట్లో రోగి పక్కన ఎవరైనా ఉన్నారా?”

“ఏమిటే ఈ నాటకం? నేనే.”

“తెలుసు వదినా. చెప్పేది విను. అత్తయ్య బిళ్ళ కబురు ఇప్పుడు మాకు అందడం లేదు. నేనే మన ఇంటిని తెంపేశాను. నువ్వు వెళ్ళి పక్కన కూర్చో. మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ ఉండు. గతి తప్పినా, చెమట పట్టినా, గుండె బరువంటే కూడా వెంటనే అంబులెన్సుకి చెయ్యి. మా గంట మోగదు, నన్ను నమ్ముకోకు.”

“తెంపేశావా?” నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. “ఎందుకు?”

“మన ఇంట్లోంచి ఏదో వస్తువు మా కంప్యూటర్ల మీద పడి అరుస్తోంది. దాన్ని ఎవరో దూరం నుంచి లొంగదీసుకున్నారు. అదీ బిళ్ళా ఒకే కనెక్షను మీద ఉన్నాయి. ఒకదాన్ని ఆపితే రెండోదీ ఆగుతుంది. అదేంటో వెతికి ప్లగ్గు పీకు. ఏముంది వదినా ఇంట్లో? నేనేమీ పెట్టనివ్వలేదే!”

“ఏమీ లేదు. ముందు అమ్మది తెరువు. ఒక్క ఇల్లు తెరిస్తే మునిగిపోతారా మీరు?”

“మునుగుతాం” అంది. “పీకాక ఫోను చెయ్యి. నా తర్వాతి ఇల్లు ఎదురుచూస్తోంది.” పెట్టేసింది.

తర్వాతి ఇల్లట! అంటే మాకంటే ముందు ఎవరెవరికో చేసి మా దాకా వచ్చిందన్నమాట. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. సొంత అత్తగారి గుండెని వరసలో నిలబెట్టిన మహాతల్లి!

ఆఫీసులో జరిగింది తర్వాత ఆమె నోటే విన్నాను. ఆ పొద్దున్నించే గుంపు మొదలైంది. ద్వారం దగ్గర వచ్చినవాళ్ళని వచ్చినట్టు ఆపుతున్నారు. అయినా ఒక ఊళ్ళో కంప్యూటర్లు ఊపిరాడక కూలే స్థితికి వచ్చాయి. రోగుల గంటలు ఆలస్యంగా మోగుతున్నాయి. ద్వారం దగ్గర ఆపుతుంటే లోపల ఇంత రద్దీ ఎక్కణ్ణుంచని చూస్తే, ఆమె వేసిన ఇంటివాళ్ళ దారిలోంచే. కొందరు రోగుల ఇళ్ళలో బొమ్మలు తీసే చవక కెమెరాలూ, అలాంటివేవో దొంగల చేతిలో పడ్డాయి. ఆ ఇళ్ళని ఎవరూ అడగరు కదా, అవి నేరుగా లోపలికి పోయి కూర్చున్నాయి. ఆ ఇళ్ళ చిరునామాలు తెరమీదికి వస్తుంటే వాటిల్లో మాదీ వచ్చింది.

“ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు” అన్నాడట మేనేజరు.

“పట్టక్కర్లేదు సార్, తలుపు మూస్తే చాలు” అని ఆ ఇళ్ళన్నీ తెంపడం మొదలుపెట్టిందట. మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆయనే, “మీ ఇల్లు వదిలెయ్యండమ్మా, పెద్దావిడ ఉన్నారు. ఒక్క ఇంటికి ఏమవుతుంది?” అన్నాడు.

“ఆ ఒక్క ఇంటికోసమే కదా సార్, నేనీ దారి తెరిచింది” అని తెంపేసింది.

అవన్నీ నాకప్పుడు తెలియవు. నేను అమ్మ గదిలోకి పరిగెత్తాను. అమ్మ మేలుకునే ఉంది. సంగతి చెప్పి మణికట్టు పట్టుకున్నాను. నాడి కాస్త వేగంగా ఉన్నా వరసగానే ఉంది.

“ఇంట్లో ఏదో వస్తువు ఉందటే అమ్మా, ఇంటర్నెట్టుకి తగిలించింది. నీకేమైనా తెలుసా?”

“నాకేం తెలుసు” అంది. కానీ మొహం పాలిపోయింది. ఒక చేత్తో అమ్మ చెయ్యి పట్టుకుని గదంతా కళ్ళతో వెతికాను. బల్ల మీద ఇంటర్నెట్టు డబ్బా లైట్లు పిచ్చెత్తినట్టు కొట్టుకుంటున్నాయి. టీవీ పాతది, దానికి ఈ యోగం లేదు. తమ్ముడి పాత ఫోను సొరుగులో చచ్చిపడి ఉంది. ఇంకేముంది? ఆ డబ్బానే పీకుదామని లేచాను.

“అది పీకకు” అంది అమ్మ గభాల్న. “నా బిళ్ళ దానికే కదా.”

“మరి ఏది పీకను?”

అమ్మ కళ్ళు మూసుకుంది. నా వేళ్ళ కింద నాడి ఒక్కసారి ఆగినట్టయింది. మళ్ళీ గబగబా రెండు. మళ్ళీ ఆగింది. పుస్తకంలో వాక్యం మధ్య అక్షరాలు ఎగిరిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. అమ్మ పై పెదవి మీద చెమట పట్టింది.

“కిటికీలో మనీప్లాంటు కుండీ వెనకాల” అంది. “కోడల్ని ఏమీ అనకు. తిడితే నన్ను తిట్టు.”

కుండీ వెనక నిమ్మకాయంత కెమెరా. వైరు కర్టెన్ చాటుగా దిగి ప్లగ్గులోకి పోయింది. పీకి పారేశాను. డబ్బా లైట్లు నిమ్మళించాయి. మరదలికి ఫోను చేస్తే ఎంగేజి. మళ్ళీ చేసినా అంతే. ఆ తర్వాతి ఇళ్ళతో మాట్లాడుతోంది మరి! అమ్మ, “ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుందే” అంది.

ఇక ఎవరి గంట కోసమూ చూడలేదు. అంబులెన్సుకి చేశాను. అది వచ్చేదాకా నా నోటికొచ్చినవన్నీ అమ్మనీ, మరదలినీ, ఆ కెమెరా తయారుచేసినవాణ్ణీ తిడుతూనే చెయ్యి మాత్రం వదల్లేదు. భయం వేసింది. నిజంగా భయం వేసింది. అమ్మ పోతుందనుకున్నాను.

అంబులెన్సులో వచ్చిన అతను ఇంజెక్షను ఇచ్చి, చాలాసేపు కాగితం మీద గీతలు చూసి, లయ దారిలో పడిందన్నాడు. ఆస్పత్రికి రానని అమ్మ మొండికేసింది. డాక్టరు ఫోనులోనే మాత్ర మార్చాడు. వెళ్తూ అంబులెన్సు అతను, “పక్కన మనిషి ఉండి చూడబట్టి సరిపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేం” అన్నాడు. ఆ తర్వాత కాసేపటికి మరదలి ఫోను వచ్చింది. మా ఇంటి నుంచి రద్దీ ఆగిందనీ, మళ్ళీ తలుపు తీశాననీ, అమ్మ గుండె కనిపిస్తోందనీ చెప్పింది. నేను జరిగింది ముక్తసరిగా చెప్పాను.

“వస్తున్నా వదినా” అంది.

వచ్చేసరికి సాయంత్రం అయింది. తలుపు నేనే తీశాను. పొయ్యి చల్లగా ఉంది. మరదలు వంటింటి వైపు ఒక్కసారి చూసింది, అంతే. నేరుగా అమ్మ గదిలోకి పోయి మంచం అంచున కూర్చుంది. కెమెరా బల్ల మీద పెట్టి ఉంచాను, అమ్మని కడిగెయ్యనీ అని.

“ఎక్కడిది అత్తయ్యా?”

“ఫాను బాగుచెయ్యడానికొచ్చిన ఎలక్ట్రీషియను చేత తెప్పించా. అతనే పెట్టిపోయాడు.”

“పాస్‌వర్డు?”

“పెట్టెలో వచ్చిందే ఉంచమన్నా. కొత్తది పెడితే నాకు గుర్తుంటుందా చస్తుందా?”

పని నేర్చిన మనిషి కాబట్టి మరదలు కోపంతో ఊగిపోతుందని చూశాను. ఊగలేదు. “దేనికి?” అని మాత్రం అడిగింది.

“దొంగలకి” అంది అమ్మ, గోడవైపు చూస్తూ.

మరదలు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. కుండీ వెనక దుమ్ములో కెమెరా కూర్చున్న గుండ్రటి గుర్తు ఉంది. దాన్ని ఆ గుర్తులో పెట్టి, అది చూసే వైపుకే తనూ వంగి చూసింది. నేనూ వెళ్ళి చూశాను. మా గుమ్మం కనబడదు. మెట్లు కనబడవు. దొంగలు రాదలుచుకుంటే ఏ దారిన రావాలో అవేవీ కనబడవు. సందు చివర, రోడ్డు అవతల బస్‌స్టాపు ఒక్కటే కనిపిస్తోంది.

రోజూ సాయంత్రం అమ్మ ఫోను కళ్ళ దగ్గర పెట్టుకుని ఏవో వీడియోలు చూస్తోందని నేను విసుక్కునేదాన్ని. చూసేది బస్‌స్టాపుని అని నాకేం తెలుసు!

మరదలు కిటికీ దగ్గరే, ఇటు తిరక్కుండా చెప్పింది. “మన ఇంటికి ఫోను వరసలోనే చేశానత్తయ్యా. ముందు చెయ్యలేదు. జాబితాలో మనకంటే పైనున్న రెండిళ్ళవాళ్ళు ఎత్తలేదు, మళ్ళీ మళ్ళీ చేశాను. మీరు గుర్తొస్తూనే ఉన్నారు. అయినా వాళ్ళకే చేశాను.”

అమ్మ, “అయితే అంతసేపూ నా గుండెని ఎవరూ చూడలేదా అక్కడ?” అంది.

“లేదు. ఎవరూ చూడలేదు.”

“నీకూ అంతే కదే” అంది అమ్మ. “పొద్దుగూకి బస్సు దిగుతావు. ఆ లారీల మధ్యన రోడ్డు దాటుతావు. నిన్నెవరు చూస్తారు?”

మరదలు ఏడ్చింది. పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళలో ఆమె ఏడవగా నేను చూడలేదు. నాలుగు ఊళ్ళ కంప్యూటర్లకి కాపలా కాసే మనిషి అమ్మ దుప్పటి అంచుతో మొహం తుడుచుకుంది. అమ్మకి ఏం చెయ్యాలో తోచలేదు. “ఊరుకో, మళ్ళీ నా బిళ్ళ గంట మోగుతుంది” అని కసిరింది. ఆ పూట టీ నేను పెట్టాను. చక్కెర ఎక్కువైందని ఇద్దరూ ఒక్కమాటే అన్నారు.

మర్నాడు మరదలు ఆఫీసులో ఇంటివాళ్ళ దారి పూర్తిగా మూసేసింది. ఇప్పుడు అక్కడ రోగి ఇల్లయినా సరే, ప్రతిసారీ బిళ్ళ తన గుర్తు చూపించాకే లోపలికి పోతుంది. కబురు ఆగకుండా అడిగే పద్ధతి కట్టడానికి వాళ్ళందరికీ చాలా పని పట్టింది, అది వేరే కథ. ఆదివారం నాడు మరదలు నన్నూ సాయం పట్టమని అమ్మ మంచాన్ని ఈ గోడ నుంచి ఆ కిటికీ కిందికి లాగించింది. దుమ్ము పడుతుందని ఇదివరకు ఒప్పుకోనిది తనే.

ఇప్పుడు సాయంత్రం బస్సు దిగగానే మరదలు వెంటనే రోడ్డు దాటదు. స్టాపులో దీపం కిందికి వచ్చి నిలబడి, తల పైకెత్తి మా కిటికీకి మొహం చూపిస్తుంది. ఎవరు నవ్విపోతే ఆమెకేం! దిండుకి ఆనుకున్న అమ్మ కళ్ళు చికిలించి, తీరిగ్గా చూసి, ఆమేనని తేల్చుకుని చెయ్యెత్తుతుంది. చెయ్యెత్తేదాకా చెక్‌పోస్టు అక్కడే నిలబడి ఉంటుంది. అప్పుడు అమ్మ నన్ను కేకేస్తుంది, నేను ప్రూఫులు పక్కన పెట్టి పొయ్యి వెలిగిస్తాను.